మేనత్త లేని సినిమా

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. కొత్త బట్టలు కుట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. పొడవైన ప్యాంట్లు కుదించడం, పాడైన జిప్పులు మార్చడం, ఒళ్లు చేసినవాళ్లకు నడుము దగ్గర వదులు చేయడం, చిక్కినవాళ్లకు బిగించడం, ఇదీ ఇప్పుడు ఆమె పని. కొట్టు అనడమే గానీ, అది ఒక మేడకి మెట్ల కింద మిగిలిపోయిన జాగా. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు జనం ఇచ్చి మర్చిపోయిన కోట్లు. ఆ మెట్లెక్కితే పైనే ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు. ఆమెకు డెబ్బై నిండాయి. మోకాళ్లు మాట వినడం లేదు. కళ్లజోడు పెట్టుకున్నా సూదిలోకి దారం ఒక పట్టాన ఎక్కడం లేదు.

ఊళ్లో మిగిలిన ఆఖరి యూదు మనిషి ఆమేనని ఒకసారి పేపర్లో రాశారు. అది నిజం కాదు. స్టేషను దగ్గర మందుల షాపు పెద్దాయన ఇంకా ఉన్నాడు. కాకపోతే ఆయన పేపరువాళ్లు కనిపిస్తే షట్టరు దించేస్తాడు. టైలరమ్మకు షట్టరు దించే ఓపిక కూడా లేదు. అందుకని కాలేజీ పిల్లలూ, రేడియోవాళ్లూ, కెమెరాలు మెడలో వేసుకున్న విదేశీయులూ అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న.

"మీవాళ్లంతా వెళ్లిపోయారు కదా, మీరొక్కరూ ఎందుకు ఉండిపోయారు?"

మనిషిని బట్టి జవాబు చెప్పేది. తొందరలో ఉన్నవాళ్లకు "ఓడెక్కితే నాకు వాంతులు" అనేది. కుర్చీ లాక్కుని కూర్చున్నవాళ్లకు "మీ ఊరివాళ్ల ప్యాంట్లు ఎవరు కుదిస్తారు మరి?" అనేది. వాళ్లు నవ్వుకుంటూ రాసుకుని వెళ్లిపోయేవారు. అడిగినవాడికల్లా మొత్తం చెప్పుకుంటూ కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది.

డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన డైరెక్టరమ్మాయి మాత్రం మొదటి వారం కెమెరా బయటికి తీయలేదు. ప్రశ్నా అడగలేదు. స్టూలు మీద కూర్చుని, టైలరమ్మ చేతికిచ్చిన బ్లేడుతో పాత ప్యాంట్ల కుట్లు విప్పి పెట్టింది. ఒకటి రెండు చింపింది కూడా. ఈ ఊరి యూదులు వలస వెళ్లిన కథ తీస్తున్నాననీ, సముద్రం అవతల స్థిరపడ్డవాళ్లను కూడా కలిశాననీ, వాళ్లలో టైలరమ్మ చెల్లెలు కూడా ఉందనీ నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్ల టైలరమ్మకు నచ్చింది. అందుకే కెమెరా పెట్టిన రోజున దాపరికం లేకుండా మొత్తం చెప్పేసింది. ఉదయం పూట చెప్పింది, భోజనాలయ్యాక మళ్లీ చెప్పింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

"ఇదంతా సినిమాలో వస్తుందా?" అని అడిగింది.

"ఇదే కదమ్మా సినిమా," అంది డైరెక్టరమ్మాయి.

ఏడాది తర్వాత ఆ సినిమాను అదే ఊళ్లో జరిగే ఫిల్మ్ ఫెస్టివల్‌కు తీసుకున్నారు. డైరెక్టరమ్మాయి పరుగెత్తుకొచ్చి చెప్పింది. సినిమా అయ్యాక వేదిక మీదికి టైలరమ్మ రావాలట. ఆమె చెల్లెలు కూడా వస్తుందట. టిక్కెట్టు ఫెస్టివల్‌వాళ్లే పెట్టుకుంటారట.

"చిట్టి వస్తోందా? ఇక్కడికా?" అంది టైలరమ్మ. ఆనందం ముంచుకొస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది. రాలేదు. దుప్పట్లు ఉతకాలి, రెండో దిండు ఎక్కడుందో వెతకాలి అన్న ఆలోచన ముందొచ్చింది.

*

చెల్లెలు ఇరవయ్యేళ్ల పిల్లగా వెళ్లింది. అరవై నాలుగేళ్ల మనిషిగా తిరిగొచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒక పెద్ద పెట్టెను మెట్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కించి, రెండు చోట్ల ఆగి, గుమ్మంలో నిలబడి ఆయాసపడింది. అక్కాచెల్లెళ్లు కావలించుకున్నారు. ఇద్దరికీ ఎప్పుడు వదలాలో తెలియలేదు. ఫోనులో పండక్కీ పబ్బానికీ మాట్లాడుకున్న గొంతులే గానీ, మనిషి ఎదురుగా వచ్చేసరికి కొత్తగా ఉంది.

"సన్నబడ్డావక్కా."

"నువ్వు పడలేదులే. ప్యాంటు నడుం దగ్గర పట్టేసింది చూడు. రేపు వదులు చేసిపెడతా."

చెల్లెలు గదంతా కలియజూసింది. కిటికీ పక్కన ఇనుప మంచం దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఇది అత్త మంచమేనా?"

"మంచం అదే. పరుపు మార్చాను. నువ్వు దాని మీద పడుకో, నేను కింద పడుకుంటా."

"వద్దక్కా, నేనే కింద పడుకుంటా."

"కింద పడుకుంటే రేపు నిన్ను లేపడానికి మనుషుల్ని పిలవాలి. నోరు మూసుకుని పడుకో."

ఆ మంచం కథ చెప్పుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

వీళ్లవాళ్లంతా ఊరు వదిలి, యూదులకంటూ ఉన్న దేశానికి వెళ్లిపోతున్న రోజులవి. తరిమినవాళ్లు లేరు, ఉండమన్నవాళ్లూ లేరు. ముందు ఒక కుటుంబం వెళ్లింది, తర్వాత మూడు, తర్వాత వీధికి వీధే. ప్రార్థన మందిరంలో ప్రార్థన మొదలుపెట్టాలంటే పదిమంది మగవాళ్లుండాలి. ఆ పదిమందీ కూడనప్పుడు వీళ్ల నాన్న కూడా వలస జాబితాలో పేర్లు ఇచ్చి వచ్చాడు. ఆయన ఒక గుమాస్తా. నెమ్మదస్తుడు. ఇంట్లో ఆయన, భార్య, ఇద్దరు కూతుళ్లు, ఆయన అక్క. ఆ అక్కే మేనత్త. పెళ్లి చేసుకోలేదు. తమ్ముణ్ణి పెంచింది, తమ్ముడి పిల్లల్ని పెంచింది, ఇల్లంతటినీ నోటితో ఏలింది. బయల్దేరే ముందు ఏడు ఆమెకు పక్షవాతం వచ్చి నడుము కింద చచ్చుబడిపోయింది.

వలస ఏర్పాట్లు చూసేవాళ్లు వైద్య పరీక్ష పెట్టారు. మంచాన ఉన్న మనిషిని ఈ విడత తీసుకెళ్లలేం, తర్వాత విడతలో చూద్దాం అన్నారు. వీళ్ల డాక్టరు నాన్నను పక్కకు పిలిచి, తర్వాత విడత దాకా ఆమె ఉండదు, మహా అయితే ఆరు నెలలు అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ముద్ద ఎత్తలేదు. నేనుంటాను అని అమ్మ అంది. ఆవిడకూ మేనత్తకూ పదేళ్లుగా మాటల్లేవు. నేనుంటాను అని నాన్న అన్నాడు. అక్కడ ఉద్యోగం ఆయన పేరు మీదే ఇస్తామన్నారు. చిట్టి చిన్నపిల్ల. ఎవరూ పెద్దమ్మాయిని ఉండమనలేదు. అందరూ ఆమె వైపు చూశారు, అంతే. ఆమెకు ఇరవై ఆరేళ్లు. మిషను కుట్టడం వచ్చు, నాలుగు డబ్బులు సంపాదించుకోగలదు, మేనత్తతో ఎదురు మాట్లాడగల ధైర్యం ఉన్నది ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే.

"ఆర్నెల్లే కదా, నేను చూసుకుని వస్తాలే," అంది. అందరూ అన్నం కలుపుకున్నారు.

మేనత్త పందొమ్మిదేళ్లు బతికింది.

*

ఫెస్టివల్ జరిగే హాలు ఊరికి కొత్తగా కట్టిన వైపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆట. చల్లటి గాలి కొడుతోంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. టైలరమ్మకు కూర్చోగానే కళ్లు మూతలు పడ్డాయి. ముందు రోజు శనివారం, యూదులకు పని చేయకూడని రోజు, కొట్టు తీయలేదు. ఆ పని ఆదివారం పొద్దున మీద పడింది. దానికి తోడు చెల్లెలి ప్యాంటు.

దీపాలు ఆరాయి. తెర మీద సముద్రం వచ్చింది. పాత ఫోటోల్లో రేవు, పెట్టెలు, చేతులూపుతున్న జనం. ఆ తర్వాత గోడంత టైలరమ్మ ముఖం వచ్చింది. ముడతల్లో పౌడరు చిక్కుకుని ఉండటం కూడా కనిపించింది. పౌడరు వద్దని అప్పుడే అనుకున్నాను అని గొణుక్కుంది.

సినిమా బాగానే ఉంది. వెళ్లినవాళ్లు తమ మొదటి రోజుల గురించి చెప్పారు. రేకుల షెడ్లు, కొత్త భాష, దుమ్ము, కూలి పని. చెల్లెలు తన వంటింట్లో కూర్చుని నాన్న గురించి చెప్పింది. గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు ఆయన చేతికి చీపురు ఇచ్చారనీ, రెండేళ్లు ఒక ఫ్యాక్టరీ ఆవరణ ఊడ్చాడనీ చెప్పింది. టైలరమ్మకు ఆ సంగతి తెలియదు. నాన్న రాసిన ఉత్తరాల్లో ఎప్పుడూ "నేను ఆఫీసుకు వెళ్లి వస్తున్నాను" అనే ఉండేది. చీకట్లో చెల్లెలి వైపు తిరిగింది. చెల్లెలు తెర మీంచి చూపు తిప్పలేదు.

ఇక మేనత్త వస్తుంది అనుకుని టైలరమ్మ సర్దుకుని కూర్చుంది. తెర మీద తన కొట్టు వచ్చింది, మిషను పాదం కింద గుడ్డ జరుగుతోంది. తాను వీధిలో నడుస్తోంది. ఇప్పుడు ఫర్నిచర్ గోడౌను అయిపోయిన ప్రార్థన మందిరం ముందు నిలబడింది. అక్కడ నిలబడమన్నది డైరెక్టరమ్మాయే. నిలబడి, కాళ్లు లాగుతుంటే గోడకు చెయ్యి ఆనించింది. తెర మీద ఆ చేతినే దగ్గరగా చూపించారు. బొమ్మ వెనకనుంచి ఒక గొంతు, "అందరూ వెళ్లారు. ఆమె వెళ్లలేకపోయింది. ఈ గోడలు, ఈ వీధులు, ఈ మట్టి ఆమెను పోనివ్వలేదు" అంది. వయొలిన్ మోగింది. తర్వాత చెల్లెలు తెర మీద, "మా అక్కకి ఈ ఊరంటే ప్రాణం" అంది.

సినిమా అయిపోయింది. ఇంకా ఉందేమోనని టైలరమ్మ పేర్లు పడుతున్నంతసేపూ చూసింది. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది.

"అత్తేదే?" అని చెల్లెలిని అడిగింది.

చెల్లెలు సంచీలో ఏదో వెతుక్కుంటూ, "పద, పైకి పిలుస్తున్నారు" అంది.

వేదిక మీద మూడు కుర్చీలు. ఒక చివర డైరెక్టరమ్మాయి, మధ్యలో టైలరమ్మ, ఇటు చెల్లెలు. మైకు పట్టుకున్న యాంకరు నున్నగా దువ్వుకుని, అరచేతిలో చిన్న అట్టముక్కలు పెట్టుకుని ఉన్నాడు. డైరెక్టరమ్మాయిని రెండు మూడు మాటలు అడిగాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ జవాబు చెప్పింది. తర్వాత ఆయన టైలరమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, హాల్లో అందరి మనసులోనూ ఉన్న మాట నేను అడుగుతాను. అందరూ వెళ్లిపోయారు. మీరు ఎందుకు ఉండిపోయారు?"

ఓడెక్కితే వాంతులు అని చెప్పి దిగిపోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట చెప్పడానికి కూడా విసుగనిపించింది. అబద్ధం చెబితే మళ్లీ దానికి ఇంకోటి అతికించాలి. నిజం చెబితే ఆ బాధ లేదు.

"మా మేనత్త ఒకావిడ ఉండేదండీ," అంది. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో హాలంతా గుయ్యిమంది. యాంకరు మైకు కొంచెం కిందికి జరిపాడు. "పక్షవాతం. నడుం కింద ఏమీ పనిచేసేది కాదు. పైనున్న నోరు మాత్రం రెండింతలు పనిచేసేది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మంచాన పడ్డ మనిషిని ఓడెక్కించం అన్నారు. ఆరు నెలలే బతుకుతుంది అన్నాడు డాక్టరు. సరే, ఆర్నెల్లే కదా, పంపించేసి వస్తా అన్నాను. మావాళ్లు ఓడెక్కారు. ఆర్నెల్లు తిరక్కుండానే పోయాడు పాపం, ఆ డాక్టరు."

హాలంతా ఒక్కసారి నవ్వింది.

"తర్వాత ఇంకో డాక్టరొచ్చాడు. ఆయన రిటైరయ్యాడు. మా అత్త గుండ్రాయిలా ఉంది. గంజిలో ఉప్పెక్కువైందని పదేళ్లు సాధించింది. ఉప్పు మానేస్తే, ఇంట్లో ఉప్పుకు కూడా గతి లేదా అని ఇంకో తొమ్మిదేళ్లు సాధించింది. పైవాడు నా అడ్రసు పారేసుకున్నాడే అనేది. నేను మాత్రం పారేసుకోలేదు అత్తా, పొద్దున నాలుగింటికే గుర్తుచేస్తావు కదా అనేదాన్ని. ఒళ్లు తుడవాలి, పక్క మార్చాలి, అటూ ఇటూ తిప్పాలి, కిందికొచ్చి కుట్టాలి, మళ్లీ పైకెళ్లాలి. ఎవరైనా ఇంటికొస్తే, నా మేనకోడలు చేతులు చూడండి, ఇలాంటి చేతులు మా వంశంలోనే లేవు అనేది. వాళ్లు వెళ్లాక, వాళ్ల ముందు నన్ను సరిగ్గా కూర్చోబెట్టలేదని తిట్టేది."

జనం నవ్వుతూనే ఉన్నారు. వెనక వరుసలో ఒక అబ్బాయి లేచి, "ఆవిడ పోయాక మీరు వెళ్లొచ్చు కదా?" అన్నాడు.

"నిద్రపోయాను నాయనా," అంది టైలరమ్మ.

మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె నవ్వించడానికి అనలేదు. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"నిజం. ఆవిణ్ణి పూడ్చిపెట్టి వచ్చి పడుకున్నాను. మధ్యలో లేచి నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. ఎన్ని రోజులో తెలీదు. లేచి చూస్తే కొట్టు ముందు జనం బట్టలు పట్టుకుని నిలబడున్నారు. అప్పటికే అమ్మా నాన్నా అక్కడ పోయారు. చిట్టి రమ్మని రాసేది. కానీ ఆ వయసులో మళ్లీ ఇంకో చోటికెళ్లి, ఇంకో భాష నేర్చుకుని, మళ్లీ మొదట్నుంచీ... ఓపిక లేకపోయింది. అంతే."

యాంకరు అట్టముక్కల వైపు చూసుకుని, "అంటే ఈ మట్టితో మీకున్న అనుబంధం..." అన్నాడు.

"మట్టేం లేదండీ. మాది సిమెంటు గచ్చు."

చప్పట్లు పడ్డాయి. యాంకరు కూడా నవ్వేసి, ఇక చేసేది లేక చెల్లెలి వైపు తిరిగాడు. "మరి మీకు అక్కగారు ఎప్పుడూ గుర్తుకొచ్చేవారా?"

చెల్లెలు లేచి నిలబడింది. "నాకు తలనొప్పిగా ఉందండీ," అని పక్క మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

టాక్సీ దిగాక మెట్ల దగ్గర చెల్లెలు చెయ్యి అందించబోతే టైలరమ్మ కమ్మీ పట్టుకుంది. పైకెళ్లాక టీ పెట్టింది. చెల్లెలు బూట్లతోనే మంచం మీద కూర్చుంది. టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"తీసెయ్యమన్నది నువ్వేనా?" అంది టైలరమ్మ.

"ఆ అమ్మాయి చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. నేల చూపులు చూస్తుంటే అర్థమైంది. పొరపాటు చేసిన పిల్లలా లేదు, మాట ఇచ్చిన పిల్లలా ఉంది."

"నేనే అడిగాను. అత్త సంగతి పెడితే నేను మాట్లాడిన ముక్కంతా తీసెయ్యమన్నాను. నాన్న పోయాడక్కా. అక్కడ మావాళ్లంతా చూస్తారు. పెంచిన అక్కని మంచంలో వదిలేసి ఓడెక్కాడంటారు."

"వదిలేయలేదుగా. నన్ను పెట్టి వెళ్లారు."

"అదేగా చెప్పలేంది!" చెల్లెలి గొంతు పెద్దదైంది. "అత్తని వదిలేశామంటే పోనీ జబ్బు మనిషి, తీసుకెళ్లనివ్వలేదు అనొచ్చు. నీకేం జబ్బు? నీ గురించి ఏం చెప్పమంటావు? భోజనాల దగ్గర నీ మొహం చూశాం, నువ్వు సరేనన్నావు, మేం అన్నం తిన్నాం. ఇది కెమెరా ముందు చెప్పాలా? అందుకే మా అక్కకి ఈ ఊరంటే ప్రాణం అన్నాను. అలాగనుకుంటేనే నాకు నిద్రపట్టేది."

టైలరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. కోపం వస్తే బాగుండును అనుకుంది. కోపానికి కూడా కొంత బలం కావాలి.

"మీరక్కడ సుఖంగా ఉన్నారనుకున్నానే నేను. నాన్న ఆఫీసుకెళ్తున్నాడని అత్తకి ఉత్తరాలు చదివి వినిపించేదాన్ని. మా తమ్ముడు దొర అయ్యాడు అని వీధంతా చెప్పేది."

"చీపురు సంగతి మేమెవరం రాయకూడదని ఒట్టేయించుకున్నాడు. నువ్వు ఇక్కడ కష్టపడుతున్నందుకు అక్కడ ఏదో ఒకటి బాగుందని నీకు తెలియాలన్నాడు." చెల్లెలు అప్పుడు టీ గ్లాసు తీసుకుంది. "నేను ముప్ఫయ్యేళ్లు డబ్బాలకి మూతలు బిగించానక్కా. నిలబడే. నా మోకాళ్లు చూశావా? నువ్వైనా కూర్చుని కుట్టుకున్నావు."

"కూర్చుని కుట్టుకున్నానా? ఈ మెట్లు ఎక్కి దిగింది ఎవరే?"

ఇద్దరూ ఒకరి మోకాళ్ల వైపు ఒకరు చూసుకున్నారు. చెల్లెలికి ముందు నవ్వొచ్చింది. అది నవ్వో, ఆయాసమో తెలియకుండా ఉంది.

"అత్త నా గురించి అడిగేదా?" అంది చెల్లెలు.

"రోజూ."

"ఏమని?"

"ఆ దొంగముండకి జడ వేసుకోవడం రాదు, అక్కడ ఎవరు వేస్తారో, తల దువ్వుకోక పేలు పడి చస్తుంది అనేది. నీకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అదే మాట."

చెల్లెలు పొట్టి జుట్టు మీద చెయ్యి వేసుకుంది. "అక్కడికెళ్లిన వారానికే కత్తిరించేశాను. నిజంగానే రాలేదు వేసుకోవడం." అలాగే మంచం మీద పక్కకు ఒరిగి, గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత కదలడం ఆగిపోయింది. ఊపిరి బరువెక్కింది.

ఆ నిద్రలో ఉన్నదాన్ని లేపడం ఎందుకని టైలరమ్మ వంగి బూట్ల లేసులు విప్పింది. పాదాలు వాచి ఉన్నాయి. ఒక్కో బూటూ మెల్లిగా లాగి, కాళ్లు పైకెత్తి పెట్టి, దుప్పటి కప్పింది. నడుం పట్టుకుని లేచి, గ్లాసులు కడగడానికి వెళ్లింది.

*

మర్నాడు డైరెక్టరమ్మాయి కొట్టుకు వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే, "నన్ను తిట్టండమ్మా" అంది.

"తిట్టడం మా అత్త పని. ఆవిడ లేదు. కూర్చో."

"మీరు చెప్పిందంతా నా దగ్గర భద్రంగా ఉంది. మీ చెల్లెలుగారి ముక్కలు లేకపోతే అటువైపు కథే లేదు. అందుకని... ఆవిడ ఒప్పుకుంటే మళ్లీ పెడతాను. కొన్ని నెలల పని. కానీ పెడతాను."

"పైనుంది. దాన్ని అడుగు."

ఆ పిల్ల పైకెళ్లి చాలాసేపటికి దిగి వచ్చింది. ఆలోచించి చెబుతానన్నారు అంది. టైలరమ్మ తల ఊపింది. ఆలోచించి చెబుతాను అన్నవాళ్లు వదిలేసిన కోట్లు గోడకు చాలానే వేలాడుతున్నాయి.

చెల్లెలు ఇంకో రెండు రోజులుంది. మేనత్త సమాధి దగ్గరికి వెళ్లారు. గడ్డి పీకారు. ఎండగా ఉందని తొందరగా వచ్చేశారు. బయల్దేరే రోజు పెట్టె మెట్లు దింపడానికి టాక్సీ అతను సాయం పట్టాడు. "అక్కా, నువ్వూ ఒకసారి రా," అంది చెల్లెలు కారు కిటికీలోంచి. "చూద్దాంలే," అంది టైలరమ్మ. ఇద్దరూ ఆ మాటను ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్మారు.

సినిమా మారలేదు. ఒక చోట బహుమతి వచ్చిందని డైరెక్టరమ్మాయి ఫోను చేసి, సంతోషంగా చెప్పాలో వద్దో తెలియనట్టు చెప్పింది. మంచిదమ్మా అంది టైలరమ్మ. గోడ మీది చెయ్యి పోస్టరు అయింది. దాన్ని చూసి ఇంకొందరు కొట్టుకు వచ్చారు. మట్టి గురించి అడిగారు. ఆమె వాళ్లకు మేనత్త గురించి చెప్పడం మొదలుపెట్టింది. సగం వినేసరికి వాళ్లు గడియారం చూసుకునేవారు. మేనత్త ఉన్న రోజుల్లోనూ ఇంటికొచ్చినవాళ్లు అలాగే చూసుకునేవారు.

చలికాలం వచ్చింది. కోట్లకు లోపలి గుడ్డ, అస్తరు మార్చే పని పెరిగింది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె బాబిన్‌కు దారం చుడుతుంటే ఫోను మోగింది. డైరెక్టరమ్మాయి. వెనక జనం గోల వినిపిస్తోంది.

"అమ్మా, మీ చెల్లెలుగారి ఊళ్లో ఉన్నాను. ఇప్పుడే ఇక్కడ ఆట అయింది. వాళ్లవాళ్లంతా వచ్చారు. మీ అక్క ఎందుకు రాలేదు అని ఆవిణ్ణి అడిగారు."

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. "ఏమంది?"

"మాకు ఒక మేనత్త ఉండేది అన్నారు. మొత్తం చెప్పారు. మా అక్క ఆ ఊరి మీద ప్రేమతో ఉండిపోలేదు, మేం పెట్టి వచ్చాం, అడక్కుండా పెట్టి వచ్చాం అన్నారు. నాన్నగారి చీపురు సంగతి సినిమాలో ఉంది కదా, అది మీకు రాయకుండా దాచామని కూడా చెప్పారు. తర్వాత నా దగ్గరికొచ్చి, అత్తని పెట్టేయమ్మా అన్నారు."

"జనం ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. హాలంతా నిశ్శబ్దం. ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయారు. తర్వాత ఇద్దరు ముసలమ్మలు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. వాళ్ల ఇళ్లల్లో కూడా ఎవరినో పెట్టి వచ్చారట."

"ఎవరూ నవ్వలేదా?"

"లేదమ్మా."

"ఉప్పు సంగతి చెప్పి ఉండదు. దానికి కథ చెప్పడం రాదు, చిన్నప్పట్నుంచీ అంతే," అంది టైలరమ్మ. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంటికెలా వెళ్లింది? ఒంటరిగా పంపించారా?"

"వాళ్లబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు."

"తిన్నదా ఏమైనా?"

"తెలీదమ్మా. కనుక్కుంటాను."

"కనుక్కో. రేపు నేను ఫోను చేస్తానని చెప్పు. ఇవాళ పడుకోనీ."

ఫోను పెట్టేసి కూర్చుంది. అస్తరు సగం విప్పిన కోటు ఒళ్లో ఉంది. బయట వెలుతురు ఇంకా బాగానే ఉంది. ఒక కస్టమరు గుమ్మంలోకి వచ్చి, "అయిందా టైలరమ్మా?" అన్నాడు.

"కాలేదు బాబూ. రేపు రా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నిద్రొస్తోంది."

అతను వెళ్లాక కోటు మడిచి బల్ల మీద పెట్టి, షట్టరు సగం దాకా లాగి, మిగతా సగం కాలితో నొక్కి దించింది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కి, కిటికీ పక్క మంచం మీద పడుకుని, దుప్పటి మెడ దాకా లాక్కుంది. దేని గురించీ ఆలోచించకుండానే నిద్రపట్టేసింది.